ఉప్పు కర్మాగారానికి స్తంభాలెందుకు? - వాస్తుశిల్పి లెదూ జీవితం, కృషి

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక కర్మాగారం డ్రాయింగ్ ఆఫీసులో నేను 26 ఏళ్ళు పనిచేశాను. నక్షలు గీయటం నా వృత్తి. ఒకసారి షెడ్డు పొడిగింపుకు నక్ష సిద్ధమవుతుండగా, కార్మికులు కూర్చుని తినటానికి ఉద్దేశించిన గదిని తీసేసి ఆ జాగాను సరుకు నిలవకు కలపమని పైనుంచి మాట వచ్చింది. ట్రేసింగ్ కాగితం మీద ఆ గది గోడల్ని బ్లేడుతో గీకి తీసేసింది నా చెయ్యే. షెడ్డు లేచిన తర్వాత ఒక ఫిట్టరు, వయసులో నాకన్నా పెద్దవాడు, నా బల్ల దగ్గర నిలబడి నక్షను చాలాసేపు చూసి, "సారూ, గీ నక్షల మేం యాడ కూసొని తినాలె?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. కట్టడానికి వర్గస్వభావం ఉంటుందన్న సంగతి అంతకుముందు పుస్తకాల్లో చదివాను. అర్థమైంది మాత్రం ఆ రోజే.

తర్వాత కొంతకాలానికి వాస్తుకళా చరిత్ర పుస్తకమొకటి తిరగేస్తుంటే ఒక నక్ష కనిపించింది. వృత్తి అలవాటు వల్ల అది కర్మాగారమని వెంటనే పోల్చుకున్నాను. పక్కనున్న కట్టడం బొమ్మ చూస్తే మాత్రం గుడిలా ఉంది. ముందు లావుపాటి స్తంభాలు, పైన త్రికోణపు కప్పు. అది 18వ శతాబ్దపు ఫ్రాన్సులో కట్టిన ఉప్పు కర్మాగారం. కట్టినవాడు క్లోద్ నికొలా లెదూ. ఫిట్టరు నన్నడిగిన ప్రశ్నను పట్టుకుని అప్పటినుంచీ లెదూ నక్షల్ని చూస్తూ వచ్చాను. సాహిత్య విమర్శ పత్రికలో కట్టడాల గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. పుస్తకం తెరవని మనిషి కూడా ఏదో ఒక గోడ మధ్య బతుకుతాడు. ఆ గోడ ఎవరి కోసం లేచిందో చెప్పటం కూడా విమర్శ పనే.

లెదూను నవ్య సంప్రదాయ వాస్తుశిల్పి అంటారు. మన సాహిత్యంలో నవ్య సంప్రదాయమన్న మాటకున్న అర్థం వేరు, దానితో దీన్ని కలిపి చూడకూడదు. ఇటలీలో బూడిద కింద పూడిపోయిన హెర్క్యులేనియంలో 1738లోనూ, పాంపేలో 1748లోనూ తవ్వకాలు మొదలయ్యాయి. ప్రాచీన గ్రీకు, రోమన్ కట్టడాల మీద ఐరోపాలో కొత్త ఆసక్తి పుట్టింది. రాజాస్థానాల్లో అప్పటిదాకా చెల్లిన మెలికల అలంకారాలు, బంగారు పూతలు రోత పుట్టించాయి. సరళరేఖ, వృత్తం, ఘనం, బరువైన స్తంభం - ఇవి హేతుబద్ధతకు గుర్తులుగా నిలిచాయి. ఎదుగుతున్న మధ్యతరగతికి ఈ నిరాడంబరత నచ్చింది. ఐతే అదే రూపం అధికార దర్పానికీ అంతే బాగా ఒదిగింది. హైదరాబాదు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ ఈ సంగతికి మన కళ్ళెదుటి సాక్ష్యం. రెసిడెంటు కర్క్‌పాట్రిక్ కోసం 1803లో మొదలుపెట్టిన ఆ భవనం ముందు నిలబెట్టిన స్తంభాలు, నిజాం ప్రజలకు హేతువాదం బోధించటానికి పెట్టినవి కావు. కాబట్టి రూపాన్ని చూసి వస్తువును నిర్ణయించటం వాస్తుకళలోనూ ప్రమాదమే.

లెదూ 1736 మార్చి 21న షాంపేన్ ప్రాంతంలో దోర్మాన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. సామాన్య కుటుంబం. విద్యార్థి వేతనం మీద పారిస్‌లో చదువుకున్నాడు. మొదట రాగిరేకుల మీద బొమ్మలు చెక్కే పని నేర్చి, తర్వాత జాక్ ఫ్రాన్స్వా బ్లొందెల్ దగ్గర వాస్తుశిల్పం అభ్యసించాడు. అడవులు, జలాల శాఖలో ఇంజనీరుగా పల్లెల్లో వంతెనలు, చర్చిలు, నీళ్ళ తొట్లు కట్టాడు. దాంతోపాటే పారిస్ సంపన్నుల ఇళ్ళూ కట్టాడు. రాజు 15వ లూయీ ప్రియురాలు మదాం దు బారీకి లూవ్సియెన్ లో 1771 నాటికి ఒక విలాస మందిరం కట్టి ఆమె ప్రాపు సంపాదించాడు. అదే సంవత్సరం తూర్పు ఫ్రాన్సులోని ఫ్రాంష్-కోంతె ఉప్పు కర్మాగారాలకు ఇన్స్‌పెక్టరయ్యాడు. 1773లో రాజ వాస్తుకళా పరిషత్తులో సభ్యుడయ్యాడు. ప్రతిభ ఉన్న పేదవాడు పైకి రావాలంటే పై వాళ్ళ చెయ్యి పట్టుకోక తప్పని సమాజమది. ఆ చెయ్యి విదిలించుకోవటం అంత తేలిక కాదన్నది అతని మిగతా జీవితం చెబుతుంది.

ఉప్పు కర్మాగారం సంగతి అర్థం కావాలంటే ఉప్పు పన్ను సంగతి తెలియాలి. 1930లో మన దేశం ఉప్పు కోసం లేచింది. ఫ్రాన్సు రైతాంగం అంతకు చాలాముందే గాబెల్ అనే ఉప్పు పన్ను కింద నలిగింది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రేటు. పన్ను హెచ్చుగా ఉన్న ప్రాంతాల్లో కావాలన్నా వద్దన్నా మనిషికింత ఉప్పు ప్రభుత్వ కొట్లో కొనితీరాలి. దొంగ ఉప్పు మోసి దొరికితే ఓడల్లో తెడ్లు వేసే శిక్ష. ఆ పన్ను వసూలు చేసేది నేరుగా రాజు కాదు. వసూలు హక్కును రాజు నుంచి గుత్తకు తీసుకున్న ధనికుల కంపెనీ ఒకటుంది. మన తెలంగాణా మాటలో చెప్పాలంటే వాళ్ళు ఇజారాదార్లు. సాలార్‌జంగ్ సంస్కరణలకు ముందు నిజాం రాజ్యంలో శిస్తు గుత్తకిచ్చిన పద్ధతి ఎరిగిన మనకు ఇది కొత్త కాదు. లెదూ కర్మాగారం కట్టింది ఈ ఇజారాదార్ల లాభం కోసమే.

మన తీరంలో ఎండకు ఉప్పు పండుతుంది. సముద్రం లేని ఫ్రాంష్-కోంతెలో నిప్పు మీద ఉప్పు వండాలి. సాలాన్ పట్టణంలో భూమి లోపలినుంచి ఉప్పునీళ్ళు తోడేవారు. వాటిని కాచీ కాచీ చుట్టుపక్కల అడవులు హరించుకుపోయాయి. కట్టెల్ని నీళ్ళ దగ్గరికి తేవటం కన్నా నీళ్ళనే అడవి దగ్గరికి పంపటం చవక అని లెక్క కట్టారు. షో అడవి పక్కన, ఆర్క్, సెనాన్ గ్రామాల మధ్య స్థలం ఎంచారు. మానుల్ని తొలిచి గొట్టాలు చేసి, సుమారు 21 కిలోమీటర్లు ఉప్పునీళ్ళు పారించారు. దారిలో నీళ్ళు దొంగిలించకుండా కాపలా పెట్టారు. ముడిసరుకు, ఇంధనం, రవాణా, కాపలా - నాలుగింటినీ కలిపి లెక్కవేసిన ఈ తీరు ఆధునిక పరిశ్రమ లక్షణమే.

1774లో ఇచ్చిన మొదటి నక్ష చతురస్రం. అది ఆమోదం పొందలేదు. స్తంభాలు దేవాలయాలకూ రాజభవనాలకూ తగినవి గాని ఉప్పు వండే చోట ఎందుకన్న ఆక్షేపణ కూడా వచ్చింది. లెదూ రెండో నక్ష గీశాడు. స్తంభాలు తగ్గించాడు గాని వదిలిపెట్టలేదు. ఈసారి ఆకారం అర్ధవలయం. ఈ కొసనుంచి ఆ కొసకు 370 మీటర్లు. 1775లో పని మొదలై 1779లో ముగిసింది.

ఆ నక్షను పాఠకుల ముందు పరచాలనుంది. అర్ధవలయాన్ని మూసే సరళరేఖకు సరిగ్గా మధ్యలో డైరెక్టరు భవనం. దానికి ఎడమా కుడీ ఉప్పు వండే రెండు పెద్ద శాలలు. ఎదుట వలయం పొడవునా కార్మికుల ఇళ్ళు, పీపాలు చేసేవాళ్ళ, కమ్మరుల పనిచోట్లు. వలయం నడుమ ప్రవేశద్వారం. అక్కడ బరువైన డోరిక్ స్తంభాలు, వాటి వెనక గుహలాంటి రాతి అమరిక. గోడల మీద బోర్లించిన కడవల్లోంచి ఉప్పునీళ్ళు జాలువారి గడ్డకట్టినట్టు రాతిలో చెక్కారు. డైరెక్టరు భవనపు స్తంభాలు మరీ విచిత్రం. ఒక గుండ్రని రాయి మీద ఒక చదరపు రాయి, మళ్ళీ గుండ్రనిది, ఇలా పేర్చుకుంటూ పోయాడు. పైన త్రికోణం మధ్య కన్నులాంటి గుండ్రని కిటికీ. ఆ భవనంలోనే ప్రార్థనా మందిరం ఉంది. యజమానీ దేవుడూ ఒకే కప్పు కింద!

కార్మికుల ఇళ్ళను మాత్రం తొందరపడి తీసిపారేయకూడదు. ఒక్కొక్క కట్టడం మధ్యలో అందరికీ కలిపి పెద్ద పొయ్యి ఉన్న హాలు పెట్టాడు. చుట్టూ కుటుంబాలకు గదులు. ఇళ్ళ వెనక, ప్రహరీగోడ లోపల, కూరగాయలు పండించుకోవటానికి మళ్ళు. 250 ఏళ్ళ కిందట ఒక వాస్తుశిల్పి కార్మికుడు ఎక్కడ వండుకుంటాడు, ఎక్కడ పడుకుంటాడు, కాస్త కొత్తిమీర ఎక్కడ వేసుకుంటాడు అని ఆలోచించి నక్షలో చోటిచ్చాడు. ఫిట్టరు అడిగిన ప్రశ్నకు నా నక్షలో జవాబు లేదు, లెదూ నక్షలో ఉంది. ఇది ఒప్పుకోవటానికి నాకు సిగ్గుగా ఉన్నా ఒప్పుకోవాలి.

ఐతే ఆ జవాబు ఎవరి అవసరాన్నిబట్టి వచ్చింది? శాలల్లో రాత్రింబగళ్ళు పొయ్యిలు మండాలి. ఆవిరిలో, పొగలో పనిచేసే మనిషి పిలిస్తే పలికేంత దగ్గర్లో ఉండాలి. బయటికి పోతే జేబులో పిడికెడు ఉప్పు పోతుంది. ఆ పిడికెడు ఉప్పు ఇజారాదారుకు బంగారం. అందుకే ప్రహరీగోడ, అందుకే ఒకే ద్వారం, అందుకే ద్వారం దగ్గర కాపలా. కూరగాయల మడి కార్మికుణ్ణి గోడ లోపల ఉంచే సాధనం కూడా. మధ్యలో డైరెక్టరు, చుట్టూ పనివాళ్ళు ఉన్న ఈ అమరిక ఇంగ్లీషు రచయిత బెంథాం తన వలయాకారపు జైలు నమూనాను 1791లో ప్రచురించటానికి పదేళ్ళకు పైగా ముందుది. ఫ్రెంచి తత్వవేత్త ఫూకో 1975లో శిక్షల చరిత్ర రాస్తూ ఈ కర్మాగారాన్ని ప్రస్తావించటం అందుకే. ఆ గుండ్రని కిటికీలోంచి డైరెక్టరు రోజుకు ఎంతసేపు చూశాడన్నది ముఖ్యం కాదు. చూస్తుంటాడన్న భావన పనివాడి మనసులో ఉంటే చాలు. షిఫ్టు దిగి గేటు దగ్గర చేతులు పైకెత్తి తనిఖీకి నిలబడిన మన కార్మికుడికి ఈ విషయం ఏ తత్వవేత్తా చెప్పనక్కరలేదు.

కాబట్టి ఆ స్తంభాల్లో ఒక వైరుధ్యం ఉంది. శ్రమ జరిగే చోటు కూడా గుడి అంత గౌరవానికి తగినదని అవి ప్రకటిస్తున్నాయి. ఆ గౌరవం శ్రామికుడిది కాదు, అతని చేత పనిచేయించే అధికారానిదని కూడా అవే ప్రకటిస్తున్నాయి. ఈ రెండో మాట వినక మొదటి మాటే విన్నవాళ్ళు లెదూను ప్రవక్తను చేశారు. మొదటి మాట వినక రెండోదే విన్నవాళ్ళు అతన్ని ఇజారాదార్ల నౌకరని తోసేస్తారు. రెండూ ఏకపక్షమే.

ఇజారాదార్లు అతనికిచ్చిన తర్వాతి పని అతని పేరును ప్రజలకు శత్రువు చేసింది. పారిస్ నగరంలోకి వచ్చే సరుకుల మీద సుంకం ఎగ్గొడుతున్నారని నగరం చుట్టూ గోడ కట్టాలనుకున్నారు. ఆ ఆలోచన రసాయనశాస్త్రవేత్త లావోయిజర్ ది. అతనూ ఇజారాదార్లలో ఒకడే. 1780ల మధ్యలో సుమారు 24 కిలోమీటర్ల గోడ లేవటం మొదలైంది. దాని ద్వారాల దగ్గర లెదూ 50కి పైగా సుంకపు చావళ్ళు కట్టాడు. ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకటి గుండ్రం, ఒకటి గ్రీకు గుడి, ఒకటి కోట. పారిస్‌కు తగిన సింహద్వారాలు కడుతున్నానని అతని నమ్మకం. రొట్టెకూ సారాకూ హెచ్చు ధర ఇచ్చుకునే జనానికి అవి సింహద్వారాలుగా కనిపించలేదు. ఖర్చు పెరిగిందని చివరికి ప్రభుత్వమే 1789లో అతన్ని ఆ పనినుంచి తప్పించింది.

బాస్తీ కోట పడిపోయింది 1789 జులై 14న అని బడిపిల్లలకు కూడా తెలుసు. దానికి రెండు రోజుల ముందునుంచే పారిస్ జనం ఈ సుంకపు చావళ్ళకు నిప్పు పెట్టారన్నది అంతగా తెలియదు. ఆకలి మీద ఉన్న జనం కట్టడాల గురించి ఇచ్చిన తీర్పు అది. 1790లో ఉప్పు పన్ను రద్దయింది. 1793 నవంబరులో లెదూను అరెస్టు చేశారు. 1795 జనవరి దాకా జైల్లో ఉన్నాడు. లావోయిజర్ 1794 మే 8న శిరచ్ఛేదానికి గురయ్యాడు. లెదూ తల నిలిచింది గాని కొలువు పోయింది. మిగిలిన కాలమంతా తన గ్రంథం మీద పెట్టాడు. కళ, నీతి, శాసనాలతో వాస్తుశిల్పానికున్న సంబంధాన్ని చర్చించే ఆ గ్రంథం మొదటి సంపుటం 1804లో వచ్చింది. 1806 నవంబరు 18న పారిస్‌లో చనిపోయాడు.

ఆ గ్రంథంలో లెదూ తన ఉప్పు కర్మాగారం చుట్టూ ఒక ఆదర్శ నగరాన్ని ఊహించాడు. అర్ధవలయాన్ని పూర్తిచేసి చుట్టూ కట్టెలు కొట్టేవాళ్ళకూ, బొగ్గు కాల్చేవాళ్ళకూ ఇళ్ళు గీశాడు. పీపాలు చేసేవాడి ఇల్లు పీపా చుట్లలా ఉంటుంది. నది కాపలాదారు ఇంట్లోంచి నదే పారుతుంది. పొలాల కాపరి ఇల్లు అచ్చం గోళం. కట్టడం తన పనేమిటో తనే చెప్పాలన్నది సూత్రం. దీన్ని తర్వాతి శతాబ్దంలో వెటకారంగా "మాట్లాడే వాస్తుశిల్పం" అన్నారు. 1933లో వియన్నా పండితుడు ఎమిల్ కౌఫ్‌మన్ లెదూ నుంచి లె కొర్బూజియే దాకా ఒక గీత గీసి, ఆధునిక వాస్తుకళకు ఇతనే ఆద్యుడన్నాడు. చండీగఢ్ కట్టిన లె కొర్బూజియే మనవాళ్ళకు తెలిసినవాడే.

బెజాన్సాన్ పట్టణంలో లెదూ కట్టి 1784లో తెరిచిన నాటకశాల గురించి ఒక్క మాట. ఆ కాలపు నాటకశాలల్లో సామాన్యులు కింద నిలబడి చూడాలి. లెదూ వాళ్ళకు ఆసనాలు వేశాడు. ఐతే ఎవరి అంతస్తు ఎక్కడో కూడా వరసలవారీగా నిర్ణయించాడు. కూర్చోబెట్టటమూ అతనే, ఎవరి చోటులో వాళ్ళను ఉంచటమూ అతనే. ఆ నాటకశాల 1958లో కాలిపోయింది.

అతని గ్రంథంలో నన్ను వదలని బొమ్మ వేరే ఉంది. దానికి "పేదవాడి ఆశ్రయం" అని పేరు. సముద్రపు ఒడ్డున ఒక చెట్టు, ఆ చెట్టు కింద బట్టలు లేని ఒక మనిషి, పైన మేఘాల్లో కొలువుదీరిన దేవతలు. గోళాలు, స్తంభాలు, వలయాలు గీసిన చెయ్యి పేదవాడి దగ్గరికి వచ్చేసరికి ఒక చెట్టు గీసి ఆగింది. దీన్ని విమర్శగా చదవొచ్చు, వేదాంతంగానూ చదవొచ్చు. నేను దీన్ని ఒక ఒప్పుకోలుగా చదువుతాను. పని ఉన్న పేదవాడికి గోడ లోపల చోటుంది. పని లేని పేదవాడికి అతని ఊహానగరంలో కూడా గోడలు లేవు.

కర్మాగారం తర్వాతి కథ అంతకన్నా చెబుతుంది. రైళ్ళలో వచ్చిన సముద్రపు ఉప్పు పోటీ ఒక పక్క, ఆర్క్ గ్రామపు బావినీళ్ళు చెడిపోయాయన్న ఫిర్యాదు మరోపక్క, 1895లో దాన్ని మూయించాయి. 1941 నుంచి 1943 దాకా అదే ప్రహరీ లోపల సంచార జాతులవాళ్ళను నిర్బంధించారు. కాపలాకు అనువుగా కట్టిన కట్టడం కాపలాకే మళ్ళీ పనికొచ్చింది. 1982లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇప్పుడు అది చూడటానికి టిక్కెట్టు కొనాలి. మన సంగారెడ్డిలో నిజాం కాలపు పాత జైలును కూడా 2016లో మ్యూజియం చేశారు. గోడలు మిగలటం మంచిదే. ఐతే ఆర్క్-ఎ-సెనాన్ గోడలు లెదూ పేరు చెబుతాయి, ఆవిరిలో ఉడికిన ఒక్క మనిషి పేరూ చెప్పవు.

బావినీళ్ళు అన్నచోట మన వాగుల్ని గుర్తుచేసుకోని పాఠకుడు ఈ ప్రాంతంలో ఉండడు. పటాన్‌చెరు, బొల్లారం కర్మాగారాల మురుగు నక్కవాగులో కలిసి మంజీర వైపు సాగిన కథ 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పటాన్‌చెరు శుద్ధికేంద్రం వదిలిన నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉందని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. మన కర్మాగారాలకు స్తంభాలు లేవు. ప్రహరీ ఉంది, గేటు ఉంది, డైరెక్టరు గది ఉంది. లెదూ నక్షనుంచి కాపలా నిలిచింది, కలిసి వండుకునే పొయ్యి రాలిపోయింది. ఇస్నాపూర్ లో బీహారునుంచీ ఒడిశానుంచీ వచ్చిన కుర్రవాళ్ళు ఒక్కో అద్దె గదిలో ఆరుగురూ ఎనిమిదిమందీ వంతులవారీగా పడుకోవటం నేను చూశాను. రాత్రి షిఫ్టువాడు లేచిన చాప మీదే పగటి షిఫ్టువాడు వాలతాడు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల పరిశ్రమ కర్మాగారం పేలి కట్టడం కూలినప్పుడు 40 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది అలా పొట్టచేత పట్టుకొచ్చినవాళ్ళే. శిథిలాల్లో మనిషిని పోల్చటానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సొచ్చింది. ఆ వార్త విన్న రాత్రి నాకు స్తంభాలు గుర్తుకు రాలేదు. నేను బ్లేడుతో గీకిన గది గుర్తొచ్చింది. నక్ష మీద ఏ గీత ఎవరి ప్రాణమో గీసేవాడికి తెలియాలి, తెలియనిచ్చే వ్యవస్థ ఉండాలి.

లెదూ నుంచి మనం తీసుకోవలసింది స్తంభాలు కాదు, తిట్టవలసింది స్తంభాల్నీ కాదు. పనిచోటు అందంగా, మనిషి తినటానికీ పడుకోవటానికీ వీలుగా ఉండవచ్చునని, దాన్ని ముందుగా ఆలోచించి కట్టవచ్చునని అతను నిరూపించాడు. డబ్బు లేదన్నవాళ్ళకు ఆర్క్-ఎ-సెనాన్ జవాబు. ఐతే ఆ నక్ష గీసేటప్పుడు ఉప్పు వండేవాణ్ణి ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే వలయానికి మధ్యలో డైరెక్టరు భవనం ఉండేదా? నాకైతే ఆ చోట కలిసి వండుకునే పొయ్యే కనిపిస్తుంది.

కోఠీ రెసిడెన్సీ స్తంభాలు ఇవాళ చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయంలో నిలబడి ఉన్నాయి. దొర గడీ ముందు తలవంచని మనిషి పేరు కంపెనీ దొర కట్టించిన మండపం మీదికి చేరటానికి 200 ఏళ్ళకు పైగా పట్టింది. రాయి ఎవరి పక్షమూ కాదు. ఫిట్టరు అడిగిన ప్రశ్న మాత్రం ఇంకా నా బల్ల మీదే ఉంది. ఇప్పుడు నక్షలు కంప్యూటరు మీద గీస్తున్న కుర్రవాళ్ళ బల్లల మీదికి దాన్ని చేర్చటానికే ఈ వ్యాసం రాశాను.